చేపకీ మనిషికీ ఒకే కెమెరా: పర్లాకిమిడి ఇంట్లో ప్రాజెక్టు డైరీ

మా ఇల్లు ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో. హాల్లో రెండడుగుల అక్వేరియం ఉంది. ఇంట్లో అమ్మ, నా భార్య, ఏడేళ్ల పాప, నేను. చేపల్ని తియ్యడానికీ, ఇంట్లోవాళ్లని తియ్యడానికీ ఒకే కెమెరా కావాలి. పెట్టుకున్న బడ్జెట్ 50,000 రూపాయలు. ఈ డైరీలో ఎక్కువ భాగం కుదరని పనుల గురించే ఉంటుంది. ఇలాంటి తొట్టి, ఇలాంటి హాలు ఉన్నవాళ్లు నా అంకెలు అలాగే వాడుకోవచ్చు. అనవసరంగా కొన్న వస్తువుల ధరలు కూడా రాశాను, ఎవరికైనా ఆ డబ్బు మిగులుతుందని.

దశ 1: ఫోనుతో ఎంతవరకు వచ్చింది

తొట్టి కొలతలు: పొడవు 2 అడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. అద్దం మందం 5 మిల్లీమీటర్లు. పైన 18 వాట్ల ఎల్‌ఈడీ. లోపల 10 నియాన్ టెట్రాలు, 5 గప్పీలు, ఒక జత డ్వార్ఫ్ గౌరామీలు.

బాగుంది, బాగోలేదు అని నోటిమాటగా అనుకుంటే ఏదీ తేలదని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి దశలోనూ 100 ఫోటోలు తియ్యాలి. వాటిలో ఎన్ని ఈ మూడు పరీక్షలూ దాటాయో లెక్కపెట్టాలి.

1. పెద్దది చేసి చూస్తే చేప కన్ను స్పష్టంగా ఉండాలి.
2. రంగు నా కంటికి కనిపించినట్టే ఉండాలి.
3. అద్దంలో నా నీడ గానీ, ట్యూబ్‌లైటు గానీ, ఎదురుగా ఉన్న కిటికీ గానీ పడకూడదు.

ఫోనుతో 100కి 4 వచ్చాయి. నిలకడగా ఉండే గౌరామీ మగది మూడు, నీటి అడుగున ఆగిన గప్పీ ఒకటి. వెలుగు తక్కువైనప్పుడు ఫోను వరసగా చాలా ఫోటోలు తీసి కలిపి ఒకటి చేస్తుంది. కదలని గోడకి అది బాగా పనిచేస్తుంది. కదిలే టెట్రాకి మాత్రం రెండు తోకలు వస్తున్నాయి. నియాన్ టెట్రా ఒంటి మీద నీలం గీత మీగడలా చెదిరిపోతోంది.

ఇంట్లోవాళ్ల ఫోటోలు పగలు ఫోనులోనే బాగున్నాయి. సాయంత్రం హాల్లో పాప గెంతుతుంటే అదీ టెట్రాలాగే చెదిరింది. అంటే చేపకీ పాపకీ రోగం ఒకటే: వెలుగు తక్కువ, కదలిక ఎక్కువ. ఈ మాట ఆ రోజే నోట్‌బుక్‌లో రాశాను గానీ, దాన్ని పట్టించుకోకుండా వెళ్లి తప్పు కెమెరా కొన్నాను.

నిలిచినవి: 100కి 4. ఖర్చు: 0.

దశ 2: జూమ్ కెమెరా, మొదటి తప్పు

తెలిసినవాళ్ల దగ్గర వాడిన జూమ్ కెమెరా ఒకటి 11,000కి దొరికింది. దూరం నుంచే చేప మొహం నిండుగా వస్తుందని కొన్నాను. నిజంగానే వచ్చింది, కానీ మూడు ఇబ్బందులు ఎదురయ్యాయి.

జూమ్ పూర్తిగా లాగితే మీటరు దాటి వెనక్కి నిలబడితే తప్ప ఫోకస్ కుదరదు. అంత దూరంలో నిలబడితే కెమెరాకీ అద్దానికీ మధ్య హాలంతా ప్రతిబింబంలో పడుతుంది. రెండోది, జూమ్ లాగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుగు తగ్గిపోతుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది, సెన్సర్ (కెమెరా లోపల వెలుగుని పట్టే చిప్పు) సైజు.

ఇలాంటి జూమ్ కెమెరాల్లో సాధారణంగా ఉండే సెన్సర్ 6.2 × 4.6 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. కెనాన్ చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లెన్స్ మార్చుకునే కెమెరాల్లో) ఉండే ఏపీఎస్-సి అనే సైజు సెన్సర్ 22.3 × 14.9, అంటే 332. దాదాపు పన్నెండు రెట్లు. వర్షంలో గ్లాసు పెట్టినదానికీ గంగాళం పెట్టినదానికీ ఉన్నంత తేడా. ఐఎస్‌ఓ (వెలుగు తక్కువైనప్పుడు కెమెరా సున్నితత్వం పెంచే అంకె) 1600 దాటగానే నా జూమ్ కెమెరాలో గప్పీ తోక మీది చుక్కలన్నీ కలిసి ఒకే మచ్చలా అయ్యాయి.

నెల వాడి 8,500కి అమ్మేశాను. కొన్న ఆయనకి పక్షుల ఫోటోలు కావాలి, మహేంద్రతనయ నది ఒడ్డున కొంగల్ని తీసి నాకు పంపించాడు. చాలా బాగున్నాయి. ఆ కెమెరా ఎండలో చేసే పనికి తయారైంది.

నిలిచినవి: 100కి 6. పోయింది: 2,500. మొత్తం ఖర్చు: 2,500.

దశ 3: కొనకుండా కొలవడం

ఈసారి కెమెరా పేరు వెతకలేదు. మూడు వారాలు కొలతలే తీసుకున్నాను.

1. చేపల పొడవు. ప్లాస్టిక్ స్కేలు తొట్టిలో నిలబెట్టి, చేప పక్కగా వచ్చినప్పుడు ఫోనుతో తీశాను. టెట్రా 3 సెంటీమీటర్లు, గప్పీ మగది 3, గౌరామీ 6.
2. వెలుగు. స్నేహితుడి డీఎస్‌ఎల్‌ఆర్ ఒక ఆదివారం తెచ్చి చూస్తే నీటి మధ్యలో ఎఫ్ 5.6 (లెన్స్ రంధ్రం కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 3200. అడుగున ఇసుక దగ్గర ఐఎస్‌ఓ 6400.
3. కదలిక. టెట్రా చెదరకుండా రావాలంటే కనీసం 250వ వంతు సెకను కావాలి. గౌరామీకి 125 చాలు. పాప గెంతులకీ 250 కావాలి.
4. హాలు. పొడవు 11 అడుగులు. ఇది ఎందుకు కొలిచానో దశ 8లో తెలుస్తుంది.

రెండో, మూడో అంకెల్ని కలిపితే సంగతి తేలిపోయింది. 60వ వంతు నుంచి 250కి వెళ్లాలంటే నాలుగు రెట్ల వెలుగు కావాలి. అంటే ఐఎస్‌ఓ 12,800. ఆ ధరలో ఏ కెమెరా అయినా అక్కడ గరుకుగానే వస్తుంది. కాబట్టి కెమెరా మారిస్తే సగం పనే అవుతుంది, మిగతా సగానికి వెలుగు కొనాలి. బడ్జెట్‌లో 10,000 పక్కన పెట్టేశాను, కెమెరాకి 40,000 మాత్రమే అనుకున్నాను. మొత్తం ప్రాజెక్టులో నేను చేసిన మంచి పని ఇదే.

దశ 4: మూడింటిలో ఒకటి

వాడిన సరుకులో నా ధరకి అందినవి మూడు: కెనాన్ 1500డి, కెనాన్ 200డి రెండో రకం (మార్క్ 2), నికాన్ డి5600. మూడూ 24 మెగాపిక్సెళ్లే, మూడూ ఏపీఎస్-సి సెన్సర్లే. ఫోటో నాణ్యతలో నాకు తేడా తెలియలేదు. తేడా అంతా వాడే తీరులో ఉంది.

తొట్టి ఇనప స్టాండు మీద ఉంది, అడుగు భాగం నా మోకాలి ఎత్తులో ఉంటుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడాలంటే నేల మీద పడుకోవాలి. 1500డి స్క్రీను కదలదు, అందుకే అది పోయింది. డి5600 స్క్రీను మడత తిరుగుతుంది గానీ, స్క్రీను చూస్తూ తీసేటప్పుడు దాని ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. ఈలోగా చేప వెళ్లిపోతుంది. 200డి రెండో రకంలో స్క్రీను మడత తిరుగుతుంది, సెన్సర్ మీదే ఉన్న డ్యుయల్ పిక్సెల్ ఫోకస్ స్క్రీను మీద వేలు పెట్టిన చోట పట్టుకుంటుంది. మనుషుల కంటిని అదే వెతికి పట్టుకునే సౌకర్యం కూడా ఉంది. 2019లో వచ్చిన మోడల్ కాబట్టి వాడినవి బజారులో బాగానే దొరుకుతున్నాయి.

గుణుపురం నుంచి వచ్చే బండెక్కి విశాఖపట్నం వెళ్లాను. అక్కడ రెండు దుకాణాల్లో చూసి, రెండో దుకాణంలో 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌తో కలిపి 36,000కి తీసుకున్నాను. దుకాణంలో చేసిన పరీక్షలు ఇవి, గంట పట్టింది:

1. లెన్స్ రెండు చివరలా ఫోను టార్చ్ కొట్టి ఏటవాలుగా చూశాను. బూజు ఉంటే సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది. మొదటి దుకాణంలో చూపించిన లెన్స్‌లో ఆ దారాలు ఉన్నాయి, అందుకే వదిలేశాను. దుమ్ము రేణువులు రెండు మూడు ఉంటే ఫరవాలేదు.
2. ఎఫ్ 16లో తెల్ల గోడని తీసి పెద్దది చేసి చూశాను. సెన్సర్ మీద మరకలు ఉంటే బూడిద చుక్కలుగా పడతాయి. ఒకటి పడింది. వాళ్లే తుడిచి ఇచ్చారు.
3. ఎన్నిసార్లు షట్టర్ కొట్టిందో అడిగాను. నికాన్‌లో అయితే ఆ లెక్క ఫోటో ఫైల్లోనే దొరుకుతుంది. ఈ కెనాన్‌లో దొరకదు, కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి చూడాలి. వాళ్లు చూపించారు: 14 వేల చిల్లర.
4. స్క్రీను మడత పదిసార్లు తిప్పాను. బ్యాటరీ తలుపు, కార్డు, లోపలి ఫ్లాష్ అన్నీ చూశాను.

పరీక్ష చెయ్యనిది ఒకటి ఉంది, కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోటు. దాని ఫలితం దశ 7లో ఉంది.

కెమెరా, లెన్స్ 36,000. రైలు, భోజనం 700. మొత్తం ఖర్చు: 39,200.

ఇంటికొచ్చి హాల్లో లైట్లు వేసి ఉండగా 100 తీస్తే 9 నిలిచాయి. ఫోటోలు గరుకు తగ్గాయి, రంగు మెరుగైంది. 60కి పైగా అద్దంలో ప్రతిబింబాల వల్లే పోయాయి.

దశ 5: అద్దం

ఈ దశకి ఆరు వారాలు పట్టింది. అందరూ ఆగేది ఇక్కడేనని నా అనుమానం.

మనుషుల ఫోటోలకి ఎలాగూ కావాలని 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ వాడినది 6,500కి తీసుకున్నాను. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8లో దాదాపు పది రెట్లు వెలుగు వస్తుంది. చేపలకీ ఇదే మందు అనుకున్నాను. ప్రతిబింబాలు రాకుండా 49 మిల్లీమీటర్ల రబ్బరు హుడ్ (లెన్స్ ముందు పెట్టే తొడుగు) తగిలించి అద్దానికి ఆనించాను.

ఏ చేపకీ ఫోకస్ కాలేదు. వెనక అద్దానికి అంటించిన నీలం కాగితం మీద కూడా కాలేదు. రెండు రోజులు లెన్స్ పాడైందనుకుని టెన్షన్ పడ్డాను. బయట గోడ మీది క్యాలెండరుకి చక్కగా ఫోకస్ అవుతోంది. అప్పుడు టేపు తీశాను.

1. ఈ లెన్స్ కనీస ఫోకస్ దూరం 35 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని సెన్సర్ నుంచి కొలవాలి.
2. లెన్స్ ముందు అంచు నుంచి కొలిస్తే మిగిలేది సుమారు 26.
3. రబ్బరు హుడ్ 3 తింటే అద్దం నుంచి 23.
4. తొట్టి వెడల్పు 30. కానీ నీళ్లలో వస్తువు ఉన్న దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే వెనక అద్దం ముందు అద్దానికి 22.5 దూరంలోనే ఉన్నట్టు లెక్క.

23 కావాలి, 22.5 ఉంది. మొత్తం తొట్టి ఫోకస్‌కి ఇవతలే ఉండిపోయింది. నీళ్లు తీసేసిన పాత తొట్టిలో స్కేలు పెట్టి చూస్తే చివరి 7 సెంటీమీటర్లు ఫోకస్ అయ్యాయి, నీళ్లు పోయగానే పోయాయి. పాపకి ఇది గారడీలా అనిపించి నాలుగుసార్లు పోయించింది.

తరువాత ప్రతిబింబాలకని పోలరైజర్ ఫిల్టర్ 900 పెట్టి కొన్నాను. అద్దానికి ఎదురుగా నిటారుగా తీసేటప్పుడు దానివల్ల ఏమీ తగ్గలేదు. అది పనిచెయ్యాలంటే అద్దాన్ని బాగా ఏటవాలుగా చూడాలి. ఏటవాలుగా చూస్తే అద్దమూ నీళ్లూ కలిసి చేప అంచుల్లో ఎరుపు, నీలం గీతలు పుట్టిస్తాయి, బొమ్మ మసకబారుతుంది. పైగా ఫిల్టర్ సగానికి మించి వెలుగు తినేస్తుంది. చేపల ఫోటోలకి పోలరైజర్ కొనకండి.

కుదిరిన పద్ధతి ఇది:

1. 18-55 లెన్స్‌ని 55 దగ్గర పెట్టాలి. దీని కనీస దూరం 25 సెంటీమీటర్లే. లెన్స్ ముందు అంచు నుంచి నా టేపు లెక్కలో 12.
2. నల్ల చార్టు పేపరుతో 8 సెంటీమీటర్ల పొడవు గరాటా చెయ్యాలి. ఒక చివర లెన్స్‌కి బిగుతుగా, రెండో చివర 10 సెంటీమీటర్ల వెడల్పు. చిన్నగా చేస్తే ఫోటో మూలలు నల్లబడతాయి. మొదటిది అలాగే పారేశాను.
3. గరాటా అద్దానికి ఆనించాలి. అప్పుడు అద్దం వెనక 5 సెంటీమీటర్ల నుంచి వెనక గోడ దాకా అంతా ఫోకస్‌కి అందుతుంది.
4. హాల్లో లైట్లన్నీ ఆర్పాలి. కిటికీ మూసి, నా మీదా కెమెరా మీదా నల్ల గుడ్డ కప్పుకోవాలి.
5. ముందురోజే అద్దం లోపలి పాచి గీకాలి. తియ్యడానికి పది నిమిషాల ముందు తొట్టి నీటి ఫిల్టర్ ఆపితే నలకలు కిందకి దిగుతాయి. అయ్యాక మళ్లీ వెయ్యడం మరిచిపోకూడదు.
6. నీళ్లు మార్చిన రోజు తియ్యకూడదు. చేపల మీదా, మొక్కల మీదా గాలి బుడగలు ఉంటాయి.

ఆ గుడ్డ కింద ఉండగా వెనక నుంచి అమ్మ గొంతు: "ఏటిరా అది, సీకట్లో గుడ్డ కప్పుకొని ఏటి సేస్తన్నావు? సేపలకి గాని నీకు గాని ఒంట్లో బాగోలేదా?"

50 లెన్స్‌నే చేపలకి వాడాలన్న పట్టుదలతో ఎక్స్‌టెన్షన్ ట్యూబు 350 పెట్టి తెప్పించాను. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఉత్త గొట్టం అది. కరెంటు కాంటాక్టులు లేవు. ఈ ఎస్‌టీఎం లెన్స్‌లో చేత్తో ఫోకస్ తిప్పినా లోపల మోటారే కదలాలి. కరెంటు అందకపోతే చేత్తో తిప్పినా కదలదు. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) కూడా మారదు. మళ్లీ కాంటాక్టులున్న సెట్టు 1,600 పెట్టి కొన్నాను. దానిలో 13 మిల్లీమీటర్ల ట్యూబు పెడితే 4.7 సెంటీమీటర్ల వెడల్పు జాగా ఫోటో నిండా వస్తుంది.

అయితే అది అవసరమా? కొన్నాక కూర్చుని లెక్క వేశాను. 18-55 లెన్స్‌తో దగ్గరగా తీస్తే ఫోటోలో పట్టే వెడల్పు 8.9 సెంటీమీటర్లు, అది 6,000 పిక్సెళ్లు. 3 సెంటీమీటర్ల టెట్రాకి అందులో 2,000 పిక్సెళ్లు వస్తాయి. అంగుళానికి 300 చుక్కల ముద్రణలో టెట్రా ఒక్కటే ఆరున్నర అంగుళాలు. గోడకి తగిలించడానికి ఇంకేం కావాలి! ట్యూబు ఇప్పుడు గౌరామీ మీసాల్ని తియ్యడానికి తప్ప బయటికి రావడం లేదు. ఈ లెక్క ముందే వేసి ఉంటే రెండు ట్యూబుల డబ్బూ మిగిలేది.

50 లెన్స్ 6,500. హుడ్, గుడ్డ, చార్టు పేపరు 400. పోలరైజర్ 900. ట్యూబులు 1,950. మొత్తం ఖర్చు: 48,950. నిలిచినవి: 100కి 21.

దశ 6: చారలు

షట్టర్ వేగం పెంచగానే ఫోటోలో అడ్డంగా చీకటి చారలు పడ్డాయి. సెన్సర్ పోయిందని భయపడ్డాను. కారణం తొట్టి మీద ఉన్న ఎల్‌ఈడీ. మన కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, చవక ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 100వ వంతు సెకను పెడితే ఒక పూర్తి చుట్టు వెలుగు అందుతుంది, చారలు ఉండవు. 50వ వంతుకీ ఉండవు. 250, 500 పెడితే ఉంటాయి. ఈ లైటు కింద 100 దాటకూడదు అని తేలింది. టెట్రాకి 250 కావాలి. ఈ రెండూ కలవవు కాబట్టి ఫ్లాష్ తప్పదు.

దశ 7: ఫ్లాష్

చేత్తో పవర్ పెట్టుకునే మామూలు ఫ్లాష్ 2,800. ఛార్జింగ్ సెల్లులు, ఛార్జర్ 1,400. కెమెరా మీద పెట్టి దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్ 1,700.

ట్రిగ్గర్ వెలిగించలేదు. సెల్లులు మార్చాను, ఛానెల్ మార్చాను, కాంటాక్టులు రబ్బరుతో రుద్దాను. మూడు సాయంత్రాలు పోయాయి. చివరికి స్నేహితుడి కెమెరా మీద పెడితే మొదటిసారికే వెలిగింది. రెండు కెమెరాల నెత్తులూ పక్కపక్కన పెట్టి చూశాను. అతని దాంట్లో ఫ్లాష్ తగిలించే చోట మధ్యలో ఒక గుండ్రటి లోహపు బిందువు ఉంది. నా దాంట్లో లేదు. 200డి రెండో రకం, 1500డి, 3000డి మోడళ్లలో ఆ మధ్య కాంటాక్టు ఉండదు. ఆ ఒక్క బిందువు మీదే ఆధారపడే ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు వీటి మీద పనిచెయ్యవు. కెమెరా వివరాల్లో ఉన్న సంగతే, కొనేముందు నేను చూడలేదు. శ్రీకాకుళంలో పెళ్లి ఫోటోలు తీసే మా బావమరిదికి ఆ ట్రిగ్గర్ ఇచ్చేశాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

దారి అతనే చూపించాడు. "బావా, మీ కెమెరాలోనే చిన్న ఫ్లాష్ ఉంది కదా, అది మెరిస్తే పెద్దది మెరిసేలా పెట్టండి" అన్నాడు. ఫ్లాష్‌లో ఎస్1, ఎస్2 అని రెండు పద్ధతులున్నాయి. ఇంకో ఫ్లాష్ మెరుపు చూసి అది మెరుస్తుంది. కెమెరాలోని ఫ్లాష్ అసలు మెరుపుకి ముందు వెలుగు కొలవడానికి ఇంకోసారి మెరుస్తుంది కాబట్టి ఎస్1లో పెడితే తొందరపడి ముందే మెరిసింది. ఎస్2 ఆ మొదటి మెరుపుని వదిలేస్తుంది. ఎస్2 పెట్టగానే కుదిరింది.

పెట్టిన తీరు:

1. తొట్టి మూత మీద అడ్డంగా చెక్క పట్టీ, దానికి తాడుతో కట్టిన ఫ్లాష్, మొహం కిందకి. మొదటి రోజు తడి మూత అద్దం మీద ఊరికే పెట్టాను, జారి నీళ్ల అంచు దాకా వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. కట్టకుండా పెట్టకండి. పాలిథిన్ కవర్ కూడా చుట్టండి.
2. కెమెరా ఫ్లాష్ ముందు నల్ల అట్టముక్క మడిచి పెట్టాలి, మెరుపు అద్దం మీద పడకుండా పైకప్పుకి వెళ్లేలా. పై ఫ్లాష్‌కి ఆ వెలుగు చాలు.
3. షట్టర్ 200వ వంతు. ఈ కెమెరాలో ఫ్లాష్‌తో అదే గరిష్ఠం.
4. ఎఫ్ 8, ఐఎస్‌ఓ 200. ఫ్లాష్ పవర్ ఎనిమిదో వంతు నుంచి మొదలుపెట్టి, గౌరామీకి పదహారో వంతుకి తగ్గించాను.
5. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా రంగు సరిచెయ్యడం) కోసం తెల్ల ప్లాస్టిక్ చెంచా నీళ్లలో ముంచి, ఫ్లాష్‌తో తీసి, ఆ ఫోటోని కస్టమ్‌గా పెట్టాలి.

ఎఫ్ 8, ఐఎస్‌ఓ 200 దగ్గర తొట్టి ఎల్‌ఈడీ వెలుగు ఫోటోలో దాదాపు పడదు, కాబట్టి చారలూ పోయాయి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ మెరిసే వ్యవధి వెయ్యో వంతు సెకను కన్నా తక్కువ, టెట్రా ఎంత వేగంగా తిరిగినా చెదరదు. మొదటి రెండు మెరుపులకి చేపలు ఉలిక్కిపడి మొక్కల్లోకి వెళ్లాయి. పది నిమిషాలు ఆగాక పట్టించుకోవడం మానేశాయి. గదీ తొట్టీ పూర్తిగా చీకటిగా ఉన్నప్పుడు ఒక్కసారిగా మెరిపించకుండా తొట్టి లైటు ఎప్పుడూ వేసే ఉంచుతున్నాను.

ఇంకో కొలత: ఇంత దగ్గరలో ఎఫ్ 8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు 6 మిల్లీమీటర్లే. చేప అద్దానికి సమాంతరంగా, పక్కగా ఉన్నప్పుడే మీట నొక్కాలి. ఎదురుగా వస్తే కన్ను వస్తుంది, తోక రాదు.

100కి 58. నియాన్ టెట్రా ఒంటి మీది నీలం గీతలో పొలుసులు లెక్కపెట్టగలిగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫ్లాష్, సెల్లులు, ట్రిగ్గర్ 5,900. మొత్తం ఖర్చు: 54,850. బడ్జెట్ దాటింది.

దశ 8: మనుషులు

ఇది త్వరగా అయింది. 50 లెన్స్‌తో కిటికీ పక్కన ఎఫ్ 2.2, 250వ వంతు, ఐఎస్‌ఓ 800. పాప కన్ను కెమెరాయే పట్టుకుంటోంది. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద ఐఎస్‌ఓ 3200 దాకా వెళ్లినా ముద్రణలో గరుకు తెలియలేదు.

హాలు పొడవు ఎందుకు కొలిచానంటే, ఈ కెమెరాలో 50 లెన్స్‌తో మనిషిని నిలువునా తియ్యాలంటే పన్నెండున్నర అడుగులు వెనక్కి జరగాలి. మా హాలు 11. అందుకే 50తో నడుము పైకే. ఆరుగురు వరసగా నిలబడితే 10 అడుగుల వెడల్పు, 50తో దానికి 22 అడుగులు కావాలి. 18-55ని 18 దగ్గర పెడితే 8 అడుగులు చాలు. ఒక్క 50 లెన్స్‌తోనే ఇల్లంతా గడుస్తుందనుకునేవాళ్లు ముందు గది కొలవాలి.

ఫ్లాష్‌ని బీరువా మీద పెట్టి పైకప్పుకి కొడితే వెలుగు మెత్తగా వచ్చింది గానీ, అందరి మొహాలూ పచ్చగా వచ్చాయి. మా గోడలు పిస్తా రంగు. ఫ్లాష్‌ని గోడకి దూరంగా, తెల్ల సున్నం వేసిన కప్పు నడిమికి తిప్పి, తెల్ల కాగితంతో వైట్ బ్యాలెన్స్ పెట్టాక మొహాలు మామూలు రంగుకి వచ్చాయి.

దశ 9: వానాకాలం

రథయాత్ర వారంలో వాన పట్టుకుంది. రథం దగ్గర కెమెరాకి పాలిథిన్ కవర్ చుట్టి, లెన్స్ చోట రంధ్రం చేసి రబ్బరు బ్యాండ్ వేశాను. పాపని భుజం మీద ఎత్తుకున్న నా భార్య ఫోటో ఒకటి, రథం తాడు వెనక కనిపిస్తూ, బాగా వచ్చింది.

ఇంట్లో తేమ కొలిచే చిన్న మీటరు 84 శాతం చూపించింది. విశాఖ దుకాణంలో చూసిన బూజు దారాలు గుర్తొచ్చాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, లోపల మీటరు. రెండు రోజుల్లో 46కి దిగింది. గింజల రంగు మారగానే బాణలిలో సన్న మంట మీద వేడి చేసి మళ్లీ వేస్తున్నాను. ఆ బాణలి వంటకి వాడం. బయటి నుంచి తడిసి వస్తే కెమెరాని పొడిగుడ్డతో తుడిచి, గంట ఫ్యాను కింద ఉంచి, అప్పుడే డబ్బాలో పెట్టాలి.

డబ్బా, జెల్, మీటరు 800. మొత్తం ఖర్చు: 55,650. అందులో వృథా అయింది: జూమ్ కెమెరా 2,500, పోలరైజర్ 900, ఉత్త ట్యూబు 350, ట్రిగ్గర్ 1,700. కలిపి 5,450. బడ్జెట్‌ని దాటినదానికి కొంచెం తక్కువ.

చివరి ఎంట్రీ: గూడు

గౌరామీ మగది నీటి పైన మూలలో నురగ గూడు కట్టింది. నీటి మీద తేలే ఆకుముక్కల చుట్టూ బుడగలు పేర్చింది. పాప బడి నుంచి రాగానే స్టూలు వేసుకుని అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది.

చేపా పాపా ఒకే ఫోటోలో కావాలి. ఫ్లాష్‌తో తీస్తే పాప మొహం మీది తొట్టి వెలుగు పోయి, గోడ వెలిగిపోయి, పాస్‌పోర్టు ఫోటోలా వచ్చింది. ఫ్లాష్ ఆపాను. 50 లెన్స్, ఎఫ్ 2, ఐఎస్‌ఓ 3200, చారలు రాకుండా 100వ వంతు. పక్క నుంచి తీశాను, అద్దం నాకు ఎదురుగా లేదు కాబట్టి గరాటా అక్కర్లేదు. 40 తీస్తే ఒక్కటి కుదిరింది. పాప ఊపిరి అద్దం మీద ఆవిరిగా పట్టింది, దాని వెనక మగ గౌరామీ ఎర్ర చారలు, కొంచెం మసకగా. ఫోకస్ పాప కంటి మీద.

పాతపట్నంలో ముద్రణ వేయించి హాల్లో పెట్టాను. దాని పక్కన నాన్నది పాత ఫోటో ఉంది, నౌపడా చిన్న రైలు ముందు నిలబడి తీయించుకున్నది. మా దగ్గర ఆయనది అదొక్కటే. అమ్మ రెండూ చాలాసేపు చూసింది. "నాకొకటి తియ్యి, కిటికీ కాడ. ఆ గుడ్డ మాత్రం కప్పకు" అంది.

రేపు ఉదయం తొమ్మిదికి, కిటికీలో ఎండ నేరుగా పడకముందు. 50 లెన్స్, ఎఫ్ 2.8, కుర్చీ కిటికీకి మూడడుగుల దూరంలో. బ్యాటరీ ఛార్జింగ్‌కి పెట్టాను.